ఆకలి ప్లేటు మీద మూడు చుక్కలు

సోమవారం ఉదయం ఇంక్యుబేటర్ తలుపు తీసి ఆకలి ప్లేటును వెలుతురుకి పట్టి చూస్తే దాని మీద మూడు చుక్కలున్నాయి. ఒక్కొక్కటి ఆవగింజలో సగం ఉంటుంది. కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. ఎటు తిప్పినా మూడే. ఆ ప్లేటు మీద ఏమీ ఉండకూడదు. ఏమీ లేదని చూసి, 'ఏమీ లేదు' అని రాసి, కింద సంతకం పెట్టడమే నా ఉద్యోగం. ఏమీ లేనిదాన్ని చూసి జీతం తెచ్చుకునే మొగుడు లోకంలో నాకొక్కదానికే దొరికాడని మా ఆవిడ నలుగురిలో చెబుతూ ఉంటుంది.

మా దగ్గర తయారయ్యేది తాగే మందు. అందులో ఉండేవి బతికున్న బ్యాక్టీరియా. మనిషి పేగుల్లో ఎప్పుడూ కాపురముండే రకాన్నే తెచ్చి, దాని జన్యువుల్లో కొన్ని తీసి, కొన్ని పెట్టారు. కొన్ని కుటుంబాల్లో పేగు గోడకి 'ఇక చాలు, పెరగకు' అని చెప్పే జన్యువు పుట్టుకతోనే పాడై ఉంటుంది. అలాంటివాళ్ళకి పాతికేళ్ళు వచ్చేసరికి పెద్దపేగు నిండా వందల కొద్దీ బుడిపెలు లేస్తాయి. వదిలేస్తే వాటిలో ఏదో ఒకటి క్యాన్సర్ అవుతుంది కాబట్టి డాక్టర్లు పేగునే తీసేస్తారు. మా బ్యాక్టీరియా చేసే పని, బాగున్న జన్యువును మోసుకుని పేగు గోడ కణాల్లోకి దూరడం, అక్కడ పగిలి చావడం, చస్తూ సరుకు దింపడం. చావడం దాని ఉద్యోగంలో భాగం. చావకుండా బతకడం నేర్చుకుందంటే, ఇంట్లోకి దొంగని మేమే తాళంచెవి ఇచ్చి పంపినట్టు.

అందుకే దానికి ఒక పొడి అలవాటు చేశారు. ఆ పొడి అందకపోతే ఒంటి చుట్టూ గోడ కట్టుకోలేక పగిలిపోతుంది. మనిషి కణాల్లో ఆ పొడి దొరకదు. మేం దాన్ని ప్రాణంపొడి అంటాం. అది కలిపి పోసిన ప్లేట్లు నిండు ప్లేట్లు, కలపకుండా పోసినవి ఆకలి ప్లేట్లు. తయారైన ప్రతి విడత మందునీ రెండు రకాల మీదా సన్నటి తీగతో అద్ది గీసి ఇంక్యుబేటర్లో పెడతాను. నిండు ప్లేటు మీద పెరగాలి, ఆకలి ప్లేటు మీద చావాలి. చుక్క కనపడిందంటే అది బతికి గుంపు కట్టిందన్నమాట. అయిదేళ్ళుగా వారం వారం ఇదే పని.

మందు తాగేవాళ్ళ పేర్లు మాకు తెలియవు. ఆస్పత్రి వాళ్ళు అంకెలే పంపుతారు. ఈ జట్టులో ఆరుగురు. నాలుగో నంబరు మాత్రం తనని అంకెలా ఉండనివ్వలేదు. తాగాక రుచి ఎలా ఉందో రాయమని ఒక కాగితం ఇస్తారు, అవి మా దగ్గరికే వస్తాయి. మిగతా అయిదుగురూ 'పరవాలేదు' అని రాసి ఊరుకుంటే, ఆవిడ వెనక పేజీ కూడా నింపుతుంది. మొదటి విడత తాగి, గిన్నె కడిగిన నీళ్ళలా ఉంది, మీ వంటవాళ్ళకి నాలుక లేదా అని రాసింది. రెండో విడతకి సొంత సంగతి రాసింది. ఆవిడ సిటీ బస్సు డ్రైవరు. తన రూటు ఈ చివర నుంచి ఆ చివరికి గంటా నలభై నిమిషాలు, మధ్యలో దిగే వీల్లేదు. వాళ్ళ అమ్మ పేగు క్యాన్సర్‌తో పోయింది. అన్నకి పేగు తీసేసి పొట్టకి సంచి తగిలించారు. తనకీ ఆపరేషన్ తేదీ పడింది, కానీ ఈ మందు పనిచేస్తే ఆ తేదీ వెనక్కి జరుపుతానని సర్జన్ మాటిచ్చాడు. "సంచి తగిలిస్తే నన్ను స్టీరింగ్ ముట్టుకోనివ్వరు. డిపోలో టోకెన్లిచ్చే కుర్చీలో కూచోబెడతారు. ఆ కుర్చీలో కూచుంటే నేను నెలరోజుల్లో పోతాను" అని రాసింది.

మందు మొత్తం నాలుగు విడతలు. ఆవిడ మూడో విడత గురువారం మధ్యాహ్నం పన్నెండు లోపు తాగాలి. ఒక్క విడత తప్పినా ప్రయోగం నుంచి పేరు తీసేస్తారు, ఇక ఆపరేషనే. మిగతావాళ్ళకి ఇంకా పది రోజుల వెసులుబాటుంది. పీకలమీదికి వచ్చింది ఆవిడకే.

ప్లేటు తీసుకెళ్ళి మేడం బల్ల మీద పెట్టాను. మేడం అంటే మా ల్యాబ్ మొత్తానికి పెద్ద. గొంతు పెంచగా ఎవరూ వినలేదు, పెంచాల్సిన అవసరమూ ఎప్పుడూ రాలేదు. ఆమె మూడు చుక్కల్నీ భూతద్దంతో చూసి, అన్ని విడతలూ ఆపేయమంది. ఇంకోసారి పరీక్ష చేస్తానన్నాను. నచ్చిన జవాబు వచ్చేదాకా పరీక్ష చేస్తూ పోతే దాన్ని పరీక్ష అనరు, బతిమాలుకోవడం అంటారంది. నిబంధనా అదే. మొదటి పరీక్షలో తప్పు ఎక్కడ జరిగిందో, ఎవరు చేశారో, పేరూ సంతకంతో రాసిచ్చాకే రెండో పరీక్ష. రాసిచ్చేవాళ్ళు లేకపోతే బ్యాక్టీరియానే బతకడం నేర్చుకుందని లెక్క.

"బుధవారం పొద్దున తొమ్మిదికి నా బల్ల మీద కాగితం ఉండాలి. ప్లేట్ల మీద ఏదైనా పెరగడానికి ఒక రోజు కావాలి కదా. ఆ తర్వాత మీరు రాసినా నేను చదవను" అంది మేడం.

ప్లేట్లు పోసేది ఒక్క మనిషే. ఆమెని అందరూ వంటక్క అంటారు, ఆమె గదిని వంటిల్లు అంటారు. పెద్ద పెద్ద సీసాల్లో అగర్, అంటే బ్యాక్టీరియా పెరిగే జెల్లీ, కాచి, చల్లార్చి, పంపు గొట్టంతో ప్లేట్లలోకి పోస్తుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు, ఇంకో నాలుగు నెలల్లో రిటైర్మెంటు. ఆమె పోసిన ప్లేటు తిరగ్గొట్టామన్న మాట ల్యాబ్‌లో ఎవరూ ఎరగరు. పదమూడేళ్ళకే తల్లి పోతే అయిదుగురు తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ వండిపెట్టిన చెయ్యి అది. సూక్ష్మజీవులకి వండటం దానికంటే తేలికట, ఇవి ఉప్పు తక్కువైందని అలగవట. నాలుగో నంబరు రాసిన రుచి కాగితం చదివి మాత్రం రెండు రోజులు ముఖం మాడ్చుకు తిరిగింది. తాగేవాటిని తను చేయనని, తను పోసేది ప్లేట్లేనని, కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది.

మంగళవారం వంటింట్లోకి వెళ్ళి సంగతి చెప్పాను. ఆకలి ప్లేట్లలో పొరపాటున పొడి పడిందేమో గుర్తుచేసుకోమన్నాను. ఆమె నా వైపు చూడనైనా చూడలేదు. రిజిస్టరు తెచ్చి, తూకం కాగితాలు తెచ్చి, పొడి సీసా బరువు అప్పుడెంత ఇప్పుడెంత అన్నీ నా ముందు పరిచింది. ఎక్కడా తేడా లేదు. నాకు ఒళ్ళు మండింది. తేడా లేకపోతే నాలుగో నంబరుకి మందు లేదు, ఆ మాట ఈమెకి ఎలా చెప్పాలి. చెప్పాను. బస్సు సంగతీ, గురువారం గడువూ అన్నీ.

ఆమె చేతులు తుడుచుకుని చల్లగదిలోకి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. కింది అరలో ఉన్న ఆకలి ప్లేట్లు లెక్కపెట్టింది. నలభైకి నలభై ఉన్నాయి. నడుమెత్తు అరలో ఇంకో దొంతర ఉంది, దాన్నీ లెక్కపెట్టింది.

"పది ఉండాలి, ఎనిమిదే ఉన్నాయి" అంది.

అవేమిటని అడిగితే చెప్పింది. ఒకే పంపు గొట్టంలోంచి ముందు నిండు ప్లేట్లు పోస్తారు, గొట్టం కడుగుతారు, తర్వాత ఆకలి ప్లేట్లు పోస్తారు. ఎంత కడిగినా గొట్టంలో పొడి తాలూకు జాడ ఉండిపోతుంది కాబట్టి మొదటి పది ఆకలి ప్లేట్లనీ పారేయాలని నిబంధన. పారేశానని రిజిస్టరులో ప్రతి వారం రాస్తుంది, కింద సంతకం కూడా పెడుతుంది. పారేయడం మాత్రం ఎప్పుడూ చేయలేదు. అగర్ పాడవలేదు, ప్లేటు పగల్లేదు, చేత్తో చేసినదాన్ని చెత్తలో ఎలా వేయడం? మూత అంచున గోటితో చిన్న గీత గీసి ఆ అరలో పెట్టేది. కొత్తగా చేరినవాళ్ళు చెయ్యి తిరగడానికి వాటిమీద గీసి నేర్చుకునేవాళ్ళు. ఆ గోటిగీత అంటే ఏమిటో నాలాంటి పాతకాపులకి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు, ఎందుకంటే మాకు కావలసినవి కింది అరలో తేదీ వేసిన ట్రేలో ఉంటాయి.

ఆమె ఆ ఎనిమిదింటి వైపు చూస్తూ, "దొంతరలు సర్దేటప్పుడు నేనే రెండు కలిపేసి ఉంటాను. అలాగే రాస్తాను" అంది.

నేను సరేనన్నాను. ఆ సరే అన్నప్పుడు నాకు తెలుసు, ఆమె కలపలేదని. శనివారం ప్లేట్లు తీసింది నేను. నాలుగేళ్ళుగా నా కుడి మోకాలు వంగనంటుంది. వంగి కింది అరలోంచి తీయడం బాధై, చేతికందే ఎత్తులో ఉన్న దొంతరలోంచి రెండు లాగాను. చుక్కలొచ్చింది వాటిలో ఒకదాని మీదే. కాగితం మీద మాత్రం ఎప్పట్లాగే 'కింది అర, రెండో ట్రే' అని రాశాను. ఎప్పుడూ అదే రాస్తాను కాబట్టి చెయ్యి దానంతటదే రాసేసింది. ఇంకొకళ్ళెవరైనా ఇలా చేసుంటే వాళ్ళ చెమడాలు వలిచేవాణ్ణి.

ఆ సాయంత్రం ఇంట్లో కూరగాయలు తరుగుతూ మా ఆవిడకి ఇదంతా చెప్పాను, మోకాలి సంగతి తప్ప. వంటక్క మీద జాలి పడుతూ చెప్పాను, పడినట్టు కనపడాలని కూడా చెప్పాను. మా ఆవిడ ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. మరి ఆ రెండు ప్లేట్లూ అరలోంచి ఎవరు తీశారని అడిగింది. నేను తరగడం ఆపాను. శనివారం ఇంటికొచ్చి మోకాలికి కాపడం పెట్టమన్నావుగా అంది. ఇంకేం దాస్తాను, చెప్పేశాను.

"మోకాలు నీది, సంతకం ఆమెదా?" అంది మా ఆవిడ.

కూర పొయ్యిమీద పెట్టింది, అన్నం తిన్నాం, పడుకున్నాం. నాకు సిగ్గేసింది. సిగ్గు కంటే ముందు కోపమొచ్చిందన్నది కూడా చెప్పాలి. ఉద్యోగం పోతుందన్న భయం ఆ రెంటికీ ముందే వచ్చింది.

బుధవారం ఎనిమిదింపావుకి వెళ్ళేసరికి వంటక్క వంటింట్లో కాగితం ముందు పెట్టుకుని కూచుంది. అయిదేళ్ళుగా పారేశానని రాసినవేవీ పారేయలేదని రాసింది. ఆ రెండు ప్లేట్లనీ తనే కలిపిందని రాయడానికి కలం పట్టుకుంది. అక్కడ ఆపమన్నాను. మోకాలి సంగతి చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. కింద నలభైకి నలభై ఉండి మధ్యలో రెండు తగ్గితే తీసిందెవరో తెలియడానికి పెద్ద చదువులక్కర్లేదంది.

"తెలిసీ నీ మీద ఎందుకు వేసుకున్నావక్కా?"

"దాచిపెట్టింది నేను. దాచకపోతే నీ చేతికి ఏం దొరికేది, గోడ దొరికేది. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు, పడనీ. నీది కూడా రాయి, మేడం సగం నిజాన్ని సగమే నమ్ముతుంది."

ఇంకో మాట కూడా ఆమెకి గుర్తుచేశాను. ఈ కాగితం ఇచ్చాక కూడా రెండో పరీక్షలో చుక్కలు వస్తే, అంటే బ్యాక్టీరియా నిజంగానే బతకడం నేర్చుకుని ఉంటే, నాలుగో నంబరుకి మందూ దక్కదు, ఈమె ముప్ఫై ఒక్క ఏళ్ళ పేరూ మిగలదు. ఆమె కళ్ళజోడు పైకి జరుపుకుని, టైమెంతైందని అడిగింది. ఎనిమిదీ నలభై అన్నాను. నేను రాయాల్సింది నేనూ రాసి సంతకం పెట్టాను. ఇద్దరం కలిసి మేడం గదికి వెళ్ళాం.

మేడం రెండుసార్లు చదివింది. వంటక్కని ఆ నిమిషం నుంచి వంటింట్లోకి వెళ్ళొద్దంది, తాళంచెవి బల్లమీద పెట్టమంది. నన్ను ఈ ఒక్క పరీక్షా తన కళ్ళ ముందు చేయమంది, ఆ తర్వాత సంగతి తర్వాతంది. వంటక్క తాళంచెవి తీయడానికి నడుము దగ్గర కాసేపు తడుముకుంది. నేను కిటికీ వైపు చూశాను.

పరీక్ష ఇలా చేశాం. ఫ్రీజర్లో మొదటినుంచీ దాచి ఉంచిన తల్లి బ్యాక్టీరియా, పొడి లేకపోతే చస్తుందని వందసార్లు తేలినది, దాన్ని ఆ ఎనిమిది గోటిగీత ప్లేట్ల మీద గీశాం. ఈ విడత మందులోని బ్యాక్టీరియాని కింది అరలోని అసలైన ఆకలి ప్లేట్ల మీద గీశాం. తప్పు ప్లేటుదైతే మొదటివాటిమీద చుక్కలు రావాలి, రెండోవాటిమీద రాకూడదు. మోకాలు పట్టేసినా కిందికి వంగి నేనే తీశాను. మేడం పక్కనే నిలబడి అర పేరూ ట్రే నంబరూ పైకి చదివింది.

గురువారం పొద్దున తొమ్మిదీ పదికి ఇంక్యుబేటర్ తీశాం. ఎనిమిది గోటిగీత ప్లేట్లలో ఆరింటిమీద చుక్కలొచ్చాయి. ఎక్కడో రెండు, ఎక్కడో అయిదు. అసలైన ఆకలి ప్లేట్లు పన్నెండు. ఒక్కొక్కటీ ఎత్తి చూశాను, మేడం చూసింది, మళ్ళీ నేను చూశాను. ఏమీ లేదు. జన్మలో మొదటిసారి ఏమీ లేకపోవడం చూసి నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. మేడం మందు ఆస్పత్రికి పంపమని సంతకం పెట్టింది. నాలుగో నంబరు పదకొండూ నలభైకి మూడో విడత తాగిందని ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. రెండు నెలల తర్వాత ఆవిడ పేగులోకి కెమెరా పంపి లెక్కపెడితే నూట నలభై బుడిపెలు తొంభై అయ్యాయని తెలిసింది. సర్జన్ ఆపరేషన్‌ని ఆరు నెలలు వెనక్కి జరిపాడు. బస్సు నడుస్తూనే ఉంది. ఈలోగా మాకు పడాల్సినవి పడ్డాయి. నాకు మెమో వచ్చింది, ఏడాదిపాటు నా ప్రతి సంతకం పక్కన ఇంకొకళ్ళ సంతకం ఉండాలన్నారు. వంటక్కని కాగితాల గదిలో కూచోబెట్టారు. ఆకలి ప్లేట్లు వాడిన పరీక్షలు అయిదేళ్ళవీ రెండువందల యాభై పైచిలుకు ఉన్నాయి. వాటన్నిటినీ బయటికి తీసి, ప్లేట్ల మీద నమ్మకం లేదు కాబట్టి ప్రతి కాగితం మీదా 'సందేహాస్పదం' అని ముద్ర వేయాలి. ఆ పని ఆమెకీ నాకూ అప్పగించారు. సరదాకి అప్పగించలేదు, ఆ కాగితాలు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలిసినవాళ్ళం మేమే.

గోటిగీత ప్లేటు వాడితే జరగగల తప్పు ఒక్కటే. చచ్చేది బతికినట్టు కనపడుతుంది. కాబట్టి 'ఏమీ లేదు' అని ఉన్న కాగితాల వల్ల ఎవరికీ హాని లేదు. చుక్కలు వచ్చాయని రాసిన కాగితం ఏదైనా ఉంటే దాని సంగతే చూడాలి. అలాంటిది ఒకటుందని నాకు దొంతర ముట్టుకోకముందే తెలుసు. మూడేళ్ళ కిందట, మొదటి జట్టు నడుస్తున్నప్పుడు, ఒక ఆకలి ప్లేటు మీద రెండు చుక్కలొచ్చాయి. అప్పుడు ఎవరూ ఏ తప్పూ రాసివ్వలేదు, మాకు ఏ తప్పూ తోచనూ లేదు. బ్యాక్టీరియా బతకడం నేర్చుకుందనే అనుకున్నాం. విడత పారబోశారు, మా పరీక్షలు సాగినా మనుషులకి మందివ్వడం పధ్నాలుగు నెలలు ఆగింది. ఆ జట్టులో తొమ్మిదో నంబరు ఒక దర్జీ. మళ్ళీ మొదలుపెడతారని ఆపరేషన్ వాయిదా వేసుకుంటూ కూచున్నాడట. మేం మళ్ళీ మొదలుపెట్టేసరికి క్యాన్సర్ కాలేయందాకా పాకింది. ఆ ఏడే పోయాడు.

కాగితం దొరికింది. 'కింది అర, రెండో ట్రే' అని ఉంది. నా రాతే. ఆ రోజు వంగానో లేదో నాకు గుర్తులేదు. అప్పటికి మోకాలి నొప్పి వచ్చి ఏడాది. గుర్తుతెచ్చుకుందామని ఆ గదిలో చాలాసేపు నిలబడ్డాను. ఎంత తవ్వినా ఏమీ రాలేదు. వంటక్క ఆ కాగితాన్ని పక్కన పెట్టి మిగతావాటిమీద ముద్రలు వేసింది, చివరికి దాని మీద వేసింది.

మేడంకి చూపించాం. నిజంగా ప్లేటు తప్పో బ్యాక్టీరియా తప్పో ఇప్పుడు ఎవరూ నిరూపించలేరని, దర్జీ ఇంటివాళ్ళకి ఏం చెప్పాలన్నా ఆస్పత్రి వాళ్ళే చెప్పాలని మేడం అంది. వద్దని మాత్రం అనలేదు. మర్నాడు వంటక్క దర్జీ భార్యకి ఒక ఉత్తరం రాసి తెచ్చింది, అరపేజీ. మీ ఆయన మందు ఆగిపోవడానికి కారణం మా ప్లేటు అయ్యుండొచ్చు, కాకపోవచ్చు, మాకు తెలియదు, కానీ తప్పు జరగడానికి చోటిచ్చింది మేము, అని ఉంది అందులో. చదివాను. మార్చాల్సింది ఏమీ కనపడలేదు.

ఇద్దరం ఆస్పత్రికి వెళ్ళి ప్రయోగం చూసే డాక్టరుకి ఇచ్చాం. కుర్రాడేం కాదు, తల నెరిసినవాడే. చదివి, ఇది ఆవిడకి ఇవ్వడం వల్ల ఉపయోగమేమిటని అడిగాడు. ఆయన పోయి ఏడాది దాటింది, మానిన పుండు రేపడమే కదా అన్నాడు.

"మానిందని మీకెవరు చెప్పారు బాబూ?" అంది వంటక్క. "అంత మనిషి పోతే ఎవర్నో ఒకర్ని తిట్టుకోవాలి. ఆవిడకి ఎవరూ దొరికి ఉండరు. ఆపరేషన్ వాయిదా వేసుకున్నాడని ఆయన్నే తిట్టుకుంటూ ఉండుంటుంది. ఇకమీద నన్ను తిట్టుకోనివ్వండి."

డాక్టరు ఉత్తరం మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ ఏమనుకున్నాడో తీసి చూసి, కింద రెండు సంతకాలున్నాయేమిటని అడిగాడు. రెండోది నాదని చెప్పాను.